ముందు ముద్ర, వెనక పాఠం

ఎల్లేష్ రాసిన పుస్తకాన్ని తెరిచి చదివిన మనిషి చంద్రపూర్‌లో ఒక్కడూ లేడు. అలాగని అతను చెడ్డగా రాస్తాడని కాదు, పాపం. యంత్రం కొన్నవాళ్లకు యంత్రంతో పాటు ఒక పుస్తకం ఇస్తారు చూడండి, మీట ఎక్కడుంది, ఎర్ర దీపం వెలిగితే ఏం చేయాలి అని, ఆ పుస్తకాలు రాయడం అతని కొలువు. అట్టపెట్టె విప్పగానే జనం యంత్రాన్ని పట్టుకుపోతారు, పుస్తకాన్ని పెట్టెలోనే వదిలేస్తారు. కొన్నాళ్లకు పెట్టెతో పాటు అదీ చిత్తుకాగితాల బండి ఎక్కుతుంది. ఇది తెలిసి కూడా ఎల్లేష్ ప్రతి పుస్తకాన్నీ ఊరంతా కూర్చుని చదవబోతున్నట్టే రాసేవాడు. కామా ఒకటి తప్పు పడితే ఆ పూట అన్నం సయించేది కాదు.

పుట్టింది రాజురా అవతల, కోర్పనా దగ్గరి పల్లెలో, పత్తి పండించే తెలుగువాళ్ల ఇంట్లో. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, బజారులో హిందీ. మాట్లాడమంటే మూడింటిలోనూ గలగలా మాట్లాడతాడు గానీ, తెలుగు చదవమంటే మాత్రం ఆదిలాబాద్ బస్సు బోర్డు దగ్గరే చెమటలు పడతాయి. అందుకని తెలుగులో ఏదైనా రాసుకోవాలంటే మరాఠీ అక్షరాల్లో రాసుకుంటాడు. పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినప్పుడు చంద్రపూర్ లాల్‌పేట్‌లో ఉన్న చిన్నమ్మ గంగవ్వ ఇంట్లో దిగాడు. గంగవ్వ మొగుడు గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు చెడి పోయాడు. పిల్లలు లేరు. ఆమె కూలీనాలీ చేసి, అక్క కొడుకు కంచంలో ఎప్పుడూ ఒక రొట్టె ఎక్కువే వేసి చదివించింది. చదువైపోయింది, కొలువు వచ్చింది, ముప్పై దాటాయి, ఆ ఇల్లు మాత్రం వదల్లేదు. పెళ్లి చేసుకోరా అంటే, ఇప్పుడు నాకేం తక్కువైందని అనేవాడు. తిక్క మనిషి.

దేశం తలుపులు బార్లా తెరిచారని పేపర్లు రాస్తున్న రోజులవి. ఊళ్లోకి కొత్త కొత్త కూల్‌డ్రింకులు వచ్చాయి, ఇంటి కప్పుల మీదుగా కేబుల్ తీగలు వచ్చాయి, ఊరి బయట ఒక ప్రైవేటు వాషరీ కూడా వచ్చింది. గనిలోంచి వచ్చిన బొగ్గును కడిగి రాయీ మట్టీ వేరుచేసే చోటు అది. ఊర్జానగర్ క్వార్టర్‌లో ఉంటూ కరెంటు కొలువు చేసుకుంటున్న గుంటూరు వైపు ఇంజనీరు మధు, ఇదే అదనని రాజీనామా ఇచ్చేసి, టైర్ల కొట్టు మీద రెండు గదులు తీసుకుని కంప్యూటర్ కంపెనీ పెట్టాడు. వాషరీలో బెల్టు నడిపే ప్రోగ్రాము మధు రాశాడు. దాని పుస్తకం అతని దగ్గర పనిచేసే ఎల్లేష్ రాశాడు. ఆ బెల్టు కింద రాలిన బొగ్గు ఎత్తే పనికి గంగవ్వ కుదిరింది. ఇంటిల్లిపాదీ ఒకే యంత్రానికి పనిచేస్తున్నామని ఎల్లేష్ తెగ మురిసిపోయాడు.

ఆ బెల్టు సంగతి కాస్త చెప్పాలి. బొగ్గు మోసుకుపోతుంటే కింద ఎంతోకొంత రాలుతుంది. దాన్ని ఎత్తాలంటే బెల్టు ఆపి, ఆడవాళ్లు పారలు పట్టుకుని కిందికి దూరాలి. దూరే ముందు ప్రతి మనిషీ తన ఇత్తడి బిళ్లను గోడ మీది పలకకు తగిలించాలి, బయటికి వచ్చాక తీసుకోవాలి. పలక మీద కొక్కేలకు తీగలు, తీగల చివర కంప్యూటర్. ఆ కంప్యూటర్‌కు ఒకటి కాదు, రెండు మెదళ్లు. ఒకటి ఆలోచిస్తుంటే ఇంకొకటి పని చేస్తుందని చెప్పి నాగపూర్ వ్యాపారి అంటగట్టాడు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని ఆ పెద్దమనిషికి ఎవరూ చెప్పినట్టు లేదు.

మొదటి మెదడు చేయాల్సింది ఇంతే. బిళ్లలు లెక్కపెట్టి, లోపల ఎంతమంది ఉన్నారో ఒక గడిలో రాయాలి. రాశాక, పక్క గడిలో "లెక్క తాజాగా ఉంది" అని జెండా ఎత్తాలి. రెండో మెదడు ఆ జెండా చూసి, ఆ తర్వాత లెక్క చూసి, సున్నా ఉంటేనే బెల్టు కదిలించాలి. పసిపిల్లకు చెప్పినా అర్థమయ్యే పని. అయినా ఒకరోజు, అందరూ చూస్తుండగా గంగవ్వ బిళ్ల తగిలించి కిందికి దూరింది, దూరీ దూరగానే బెల్టు ఒక్క ఊపున కదిలింది. ఆమె కొంగు రోలరులో పడింది. చీర పాతది కాబట్టి బతికింది. కొంగు సగానికి చిరిగి అటు పోయింది, మనిషి ఇటు పడింది.

వాషరీ సేఫ్టీ ఆఫీసర్ వైరాగడే సాబ్ విచారణ జరిపాడు. బిళ్ల తగిలించి ఉందని ఆడవాళ్లంతా చెప్పారు. లోపల సున్నా మంది ఉన్నారని కంప్యూటర్ చెప్పింది. మధు ప్రోగ్రాము తిరగేసి, ముందు లెక్క రాయమన్నాను, తర్వాతే జెండా ఎత్తమన్నాను, వరుస సరిగ్గానే ఉందని చూపించాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి ఏమీ జరగలేదని తేల్చారు. చిరిగిన కొంగు ఒక్కటే వాళ్ల లెక్కలోకి రాలేదు.

గంగవ్వ మాత్రం మంకు పట్టు పట్టింది. బిళ్ల కనబడుతుంటే బెల్టు ఎందుకు కదిలిందో చెప్పేదాకా కిందికి దూరేది లేదంది. కూలీల కాంట్రాక్టర్ సమ్మన్న ఆమెను బతిమాలాడు, బెదిరించాడు, నీ చోట్లోకి తోటి కూలీ వెంకటమ్మ చెల్లెలు తయారుగా ఉందని కూడా అన్నాడు. ఇల్లు నడిచేది ఆ పని మీద కాకపోయినా, మొగుడు పోయినప్పటి నుంచీ ఒకరి మీద పడి తినని మనిషి ఆమె. పని పోతుందంటే ఆమెకు ప్రాణం పోయినట్టే. పనికి పోతే నిజంగానే పోయేటట్టు ఉంది.

ఎల్లేష్ ఆ మెదళ్లు తయారుచేసినవాళ్ల లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ఎవరూ చదవని పుస్తకాలు రాసేవాడికి ఎవరూ చదవని పుస్తకాలు చదివే ఓపిక ఉంటుంది. అందులో ఒక మూల దొరికింది విషయం. ఆ మెదళ్లు మహా తొందరవి. మొదటిది తాను రాసిన మాటల్ని వెంటనే పంపదు, ఒక తట్టలో వేసుకుని వీలును బట్టి పంపుతుంది. ఒక్కోసారి వెనక వేసింది ముందు చేరుతుంది. లెక్క ఇంకా తట్టలోనే ఉంటుంది, జెండా మాత్రం అవతల ఎగురుతుంటుంది. రెండోది అంతకన్నా ఘనం. జెండా ఎత్తకముందే లెక్కను తొంగి చూసి పెట్టుకుంటుంది, తర్వాత పని తొందరగా అవుతుందని. చూసింది పాత లెక్క, పాత లెక్క సున్నా, నడు బెల్టు. మందు కూడా అక్కడే రాసుంది. రాసే దగ్గర ఒకటి, చూసే దగ్గర ఒకటి, "ముందుది పూర్తయ్యేదాకా ఇక్కడ ఆగు" అని ప్రోగ్రాములో రెండు చోట్ల రెండు వరుసలు పెట్టాలి. అంతే.

ఎల్లేష్ ఎగిరి గంతేసి మధుకు చెప్పాడు. మధు ఇంకా ఎక్కువ సంతోషించాడు, తప్పు తనది కాదని తేలినందుకు. వైరాగడే సాబ్ అందరికన్నా గట్టి మనిషి. ఈ సంగతి పుస్తకంలో స్పష్టమైన ఉదాహరణతో రాయాలి, ఆ ఉదాహరణ తమకు అర్థమైందని బెల్టు కింద పనిచేసే పదిహేను మంది ఆడవాళ్లూ వేలిముద్ర వేయాలి, అప్పటిదాకా బెల్టు ఆపేయాలని ఆర్డరు వేశాడు. రెండు మెదళ్ల మధ్య రాతలు తారుమారవడం గురించి అక్షరం ముక్క రాని పదిహేను మందికి అర్థం కావాలన్నమాట. ఎల్లేష్ దీన్ని శిక్ష అనుకోలేదు. తన పుస్తకాన్ని ఒకరు కాదు, పదిహేను మంది వినబోతున్నారు. ఆనందంతో కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

పాఠం కాంటీన్‌లో. ఎల్లేష్ వెళ్లేసరికి సమ్మన్న అప్పటికే వచ్చి, సిరా డబ్బా తెరిచి, తెల్లకాగితం మీద వరుసగా ముద్రలు వేయిస్తున్నాడు. ఇంకా పాఠం చెప్పలేదు కదన్నా అంటే, అతను నవ్వి, "అంగూఠా ముందుగాల అయిపోతే ఫికర్ ఉండదు తమ్మీ, పాఠం నిమ్మళంగ జెప్పుకో" అన్నాడు. ఆ ఊళ్లో కాంట్రాక్టు పని మొదలైనప్పటి నుంచీ అదే పద్ధతి. కాగితం మీద ముందు ముద్ర పడుతుంది, పైన ఏం రాయాలో తర్వాత ఆఫీసు రాసుకుంటుంది. ఆడవాళ్లూ అలవాటు కొద్దీ వచ్చి, ముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుని కూర్చున్నారు. గంగవ్వ ఒక్కతే బొటనవేలు పిడికిట్లో దాచుకుంది. నాకు సమజు కాలేదు, నేనెయ్య, అంది.

ముద్ర వేసినవాళ్లకు పాఠంతో ఏం పని? అర్థమైందని ముందే ఒప్పుకున్నాక మళ్లీ వినడం దేనికని సగం మంది కునుకు తీశారు. ఎల్లేష్ చెక్కబోర్డు మీద ఒక గడికి ఎ అనీ ఇంకో గడికి బి అనీ పేరు పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఎ అంటే ఎవరిల్లని వెంకటమ్మ అడిగింది. సరే, అది తీసేసి, సద్ది గిన్నె ఉదాహరణ చెప్పాడు. ముందు గిన్నెలో అన్నం పెట్టాలి, తర్వాత మూత మీద టకటకా కొట్టి పిలవాలి. పిలుపు ముందు వినబడి, పరుగున వచ్చి మూత తీస్తే గిన్నె ఖాళీగా ఉంటే? అంతే, సత్తమ్మ భగ్గుమంది. తన కోడలు సరిగ్గా అదే చేస్తుందట, పిలుస్తుంది గానీ పెట్టదట. కునుకు తీస్తున్నవాళ్లంతా లేచారు. ఆ రోజు పాఠమంతా సత్తమ్మ కోడలి మీదే నడిచింది. ఎల్లేష్ కూడా రెండు సలహాలు ఇచ్చాడు.

మర్నాడు పెళ్లి ఉదాహరణ తీశాడు. తాళి కట్టాక బాజా మోగాలి, బాజా ముందు మోగితే బయట ఉన్నవాళ్లు తాళి పడిపోయిందనుకుని అక్షింతలు వేసేస్తారు. ఆడవాళ్లకు కొంత ఎక్కింది. కానీ వైరాగడే సాబ్ ఆ పేజీ చదివి వెనక్కి పంపాడు. ఎవరి పెళ్లి, ఏ తారీఖు, సాక్షులెవరు అని ఎర్ర సిరాతో రాశాడు. ఇది ఉదాహరణ సార్, నిజంగా జరిగింది కాదని ఎల్లేష్ చెప్పుకుంటే, జరగనిదాన్ని సేఫ్టీ పుస్తకంలో ఎలా రాస్తావని ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. ఒక ఉదాహరణ అబద్ధమైతే పుస్తకమంతా అబద్ధమే కదా అన్నాడు. ఎల్లేష్ ఆలోచించాడు, ఆ మాటలో తప్పేమిటో ఎంతకీ దొరకలేదు.

మూడో పాఠంలో జెండా ముందు చేరడం, లెక్క వెనకబడటం గురించి చేతులు తిప్పి తిప్పి చెబుతుంటే సత్తమ్మ విసుగ్గా అంది, ఇదేంది, ఆలు లేదు సూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నదని. ఎల్లేష్ సుద్దముక్క కింద పడేశాడు. ఇన్నాళ్లూ తాను వెతుకుతున్నది అదే. పెళ్లాం రాలేదు, కడుపు రాలేదు, కొడుకు పేరు మాత్రం వచ్చేసింది. ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఏ దేశపు పుస్తకంలో ఉంది? అదే పూట ఆ సామెతను మరాఠీలోకీ హిందీలోకీ ఇంగ్లీషులోకీ మార్చి, తెలుగును మరాఠీ అక్షరాల్లో రాసి, అందంగా టైపు చేసి వైరాగడే సాబ్‌కు పంపాడు.

ఆయన పిలిపించాడు. ఈ సోమలింగం ఎవరు, ఏ షిఫ్టు అని అడిగాడు. ఇంకా పుట్టలేదు సార్ అన్నాడు ఎల్లేష్. పుట్టనివాడి పేరు నా దగ్గరికి ఎలా వచ్చిందన్నాడు ఆయన. అదే సార్ ఉదాహరణ అన్నాడు ఎల్లేష్. ఆయన చాలాసేపు కిటికీలోంచి బొగ్గు గుట్టలు చూసి, కాగితం మీద "సోమలింగం, ఇంకా డ్యూటీలో చేరలేదు" అని రాసుకున్నాడు. చేరిన వెంటనే హాజరు పరచమని సమ్మన్నకు కబురు పంపాడు.

సమ్మన్న జీవితంలో ఏ అధికారికీ లేదనే మాట చెప్పి ఎరగడు. మూడో నాటికి సోమలింగం పేరుతో కొత్త ఇత్తడి బిళ్ల తయారై పలక పక్కకు చేరింది. దాని వెనకే ముద్రల కాగితం మీద సోమలింగం వేలిముద్ర కూడా పడింది. సమ్మన్న చేతివేళ్లన్నీ ఆఫీసుకు తెలిసినవే కాబట్టి, అది అతని కుడికాలి బొటనవేలు. కాస్త వెడల్పుగా ఉందని గుమాస్తా అన్నాడట గానీ, గట్టి మనిషై ఉంటాడులే అని వైరాగడే సాబ్ సరిపెట్టుకున్నాడు. పదిహేను మంది ముద్రలు కావాలన్నారు, పదిహేను ముద్రలు వచ్చాయి. గంగవ్వ ముద్ర లేదన్న సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది. పుస్తకం పాసైపోయింది. సోమవారం బెల్టు మళ్లీ మొదలు, నాగపూర్ నుంచి వాషరీ యజమాని వస్తున్నాడు, కొబ్బరికాయ కొడతాడు.

ఆ మాట తెలిసిన సాయంత్రం ఎల్లేష్ ఇంటికి వచ్చేసరికి గంగవ్వ రొట్టెలు కొడుతోంది. సోమవారం పనికి పోతున్నానని చెప్పింది. పోకపోతే వెంకటమ్మ చెల్లెలిని పెట్టుకుంటామన్నారు, ఇక ఏం చేస్తాను అంది. అర్థం కాకుండానే పోతావా చిన్నమ్మా అంటే, ఆమె పిండి మీద రెండు దెబ్బలు ఎక్కువ వేసింది. పిండి మీద రెండు దెబ్బలు ఎక్కువ వేసింది. ఎల్లేష్ పొయ్యి ముందు కూలబడి, ఈసారి బోర్డూ లేదు, గడులూ లేవు, కళ్ల ముందు జరిగిందే చెప్పాడు. కాగితం మీద ముద్ర పడింది కదా. అది చూసి సాబ్ ఏమనుకున్నాడు? పాఠం బుర్రలోకి పోయిందనుకున్నాడు. బుర్రలో చూస్తే ఏముంది? ఏమీ లేదు. ముద్ర ముందు చేరింది, పాఠం ఇంకా రానే లేదు. ఆ కంప్యూటర్ కూడా ఆ రోజు అదే చేసింది. నీ లెక్క చేరకముందే లెక్క వచ్చిందన్న జెండా అవతల ఎగిరింది.

గంగవ్వ చేతిలో పిండి అలాగే ఉంది.

"అంటే గా డబ్బా గూడ మన సమ్మన్న లెక్కనే అన్నట్టు."

"గంతే చిన్నమ్మా."

"మరి గట్ల గాకుండ ఏం జెయ్యాలె?"

రాసేవాడు ఒక దగ్గర ఆగాలి, ముందుది చేరేదాకా. చూసేవాడూ ఒక దగ్గర ఆగాలి, ముందే తొంగిచూడకుండా. రెండు చోట్ల రెండు వరుసలు, ఇద్దరిలో ఏ ఒక్కడు ఆగకపోయినా లాభం లేదని చెప్పాడు. చెప్పి, తన పుస్తకం మొదటిసారి ఒక మనిషికి అర్థమైందని తెలిసి కళ్లలో నీళ్లు తిరిగాయి. గంగవ్వ రొట్టె పెనం మీద వేసి, నెమ్మదిగా అడిగింది.

"మరి ఆగుమని రాసిండ్రా?"

"రాయాలె అని పుస్తకంల రాసిన."

"పుస్తకంల గాదు కొడుకా. డబ్బల రాసిండ్రా?"

రాసే ఉంటారనుకున్నాడు ఎల్లేష్ ఇన్నాళ్లూ. ఉదాహరణల గొడవలో పడి, అసలు ఆ రెండు వరుసలు ప్రోగ్రాములో పడ్డాయా లేదా అని మధును ఒక్కసారి కూడా అడగలేదు. పొయ్యి మీద రొట్టె మాడింది. ఆ ఇంట్లో రొట్టె మాడటం అదే మొదలు.

సోమవారం పొద్దున్నే మధును పట్టుకున్నాడు. మధు కొత్త టై కట్టుకుంటున్నాడు. వరుసలా, లేదే, ఎందుకన్నాడు. "చూడు ఎల్లేష్, లోపం అనేది పుస్తకంలో లేనంతవరకే లోపం. ఒకసారి రాశాక అది సూచన. నువ్వు ఇంత బాగా రాశావు, ఇక మనం దాన్ని ముట్టుకోకూడదు." పైగా ప్రోగ్రాము మారిస్తే పుస్తకం మారాలి, పుస్తకం మారితే మళ్లీ పదిహేను ముద్రలు కావాలి, ఆ సోమలింగాన్ని మళ్లీ ఎక్కడని వెతుకుతామని అడిగాడు. ఎల్లేష్ ఇలాంటి మాటలు ఇంతవరకూ వైరాగడే సాబ్ నోట విన్నాడు, వాటిలో తప్పేమిటో దొరక్క ఊరుకున్నాడు. ఈసారి తప్పు వెతకలేదు. మెట్లు దిగి, సైకిలెక్కి, వాషరీ దారి పట్టాడు.

అక్కడ పెళ్లి సందడిగా ఉంది. బెల్టుకు బంతిపూల దండ వేశారు. యజమాని తెల్ల కారులోంచి దిగుతున్నాడు. సమ్మన్న కొబ్బరికాయ పీచు తీస్తున్నాడు. యజమాని చూస్తుండగా ఒక మనిషి బిళ్ల తగిలించి కిందికి దూరి రావాలి, అప్పుడు దూరినా బెల్టు కదలదని అందరికీ తెలుస్తుంది, అదీ ఏర్పాటు. కొంగును బొడ్లో గట్టిగా దోపుకుని, బిళ్ల చేత పట్టుకుని గంగవ్వ నిలబడి ఉంది. బెల్టును తప్పుపట్టిన మనిషినే దూరిస్తే బాగుంటుందని ఎవరికో తోచింది. కిటికీ అవతల కంట్రోల్ గదిలో మధు అప్పుడే స్కూటర్ మీద వచ్చి కుర్చీలో సర్దుకుంటున్నాడు.

ఎల్లేష్ పోయి చిన్నమ్మ చేతిలోంచి బిళ్ల లాక్కున్నాడు. కొక్కేనికి తగిలించాడు. ఆమె చెయ్యి పట్టుకునే లోపలే, కుట్టించుకున్న ఆ కొత్త చొక్కాతో బెల్టు కిందికి దూరాడు. రెండు వరుసలూ రాసేదాకా బయటికి రానని లోపలి నుంచే అరిచాడు.

వైరాగడే సాబ్ పరుగున వచ్చి, పలక చూసి, మనుషుల్ని చూసి, ఒక నిర్ణయానికి వచ్చాడు. బిళ్ల గంగవ్వది. గంగవ్వ బయట నిలబడి ఉంది. కాబట్టి లోపల ఎవరూ లేరు, కొబ్బరికాయ కొట్టి బెల్టు నడపవచ్చు. ఆడవాళ్లు గొల్లుమన్నారు. ఎటూ తేలని ఆ సమయంలో సమ్మన్నే అందరినీ ఆదుకున్నాడు. ఆ లోపలున్నదే సోమలింగం సార్, ఇవాళే డ్యూటీలో చేరిండు అన్నాడు. వైరాగడే సాబ్ ఊపిరి పీల్చుకుని కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు. మనిషి ఎవరో తేలింది కాబట్టి ఇప్పుడు అతను లోపల ఉన్నట్టే. కాయ కొట్టకూడదు.

లోపల ఎల్లేష్‌కు ఇవేవీ సరిగ్గా వినబడలేదు. తడి బొగ్గు వాసన ముక్కులో నిండింది. ముక్కుకు జానెడు పైన రోలరు. మోకాళ్లు ముడిస్తే వీపు తగులుతుంది, వీపు వంచితే తల తగులుతుంది. ఈ బెల్టు మీద అంత పుస్తకం రాశాడు, ఇక్కడ తల ఎత్తడానికి చోటు లేదన్న ఒక్క ముక్క రాయలేదు. ఎప్పుడూ వచ్చి చూడలేదు మరి. చిన్నమ్మ ప్రతిరోజూ ఇందులోకి దూరి, బయటికి వచ్చి, ఒళ్లు కడుక్కుని, తనకు రొట్టె పెట్టింది. ఎల్లేష్‌కు భయం వేసింది. భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. రోలరు కింద వెల్లకిలా పడుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

బయట గంగవ్వ కంట్రోల్ గది కిటికీ దగ్గరికి పోయి నిలబడింది. యజమాని గడియారం చూసుకుంటున్నాడు. ఇక లాభం లేదని మధు కంప్యూటర్ ముందుకు జరిగి, మీటల మీద టకటకా ఏదో కొట్టి, టై సర్దుకుని, లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు. అయిపోయింది, అతన్ని రమ్మనమ్మా అన్నాడు.

"రెండు తావుల రాసినవా సారూ?"

"రాశానమ్మా. రెండు చోట్లా రాశాను."

గంగవ్వకు చదువు రాదు. ఆ తెర మీద ఏముందో ఆమెకు తెలియదు. ఆయన మొహం వైపు చూసింది, బెల్టు వైపు చూసింది.

"గట్లయితే నువ్వొచ్చి జర మా పోరని పక్కన కూసో సారూ. బెల్టు మీట నొక్కి చూస్తరు."

మధు బెల్టు కిందికి తొంగిచూశాడు. ఎల్లేష్ బూట్లు కనబడుతున్నాయి. మధు టై వదులు చేసుకున్నాడు, చొక్కా చేతులు పైకి మడిచాడు, వెనక్కి పోయి కుర్చీలో కూర్చుని టైపు చేయడం మొదలుపెట్టాడు.